ఇటలీ సీజనల్ వీసాకు 9 లక్షలు అడుగుతున్నారు, నుల్లా ఓస్తా వచ్చిందంటున్నారు. నమ్మొచ్చా?

పసుపుచేను_మెట్‌పల్లి:

అందరికీ నమస్తే. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. వయసు 29, టెన్త్ పాస్. సౌదీలో అల్ ఖర్జ్ పక్కన ఒక మజ్రాలో, అంటే అక్కడి వ్యవసాయ ఫారంలో, పనిచేసి వచ్చాను. గడ్డి కోత, డ్రిప్ పైపులు, ట్రాక్టర్, అన్నీ చేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను, పసుపు ఉడకబెట్టే పని నడుస్తోంది.

బంధువుల ద్వారా ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. ఇటలీలో వ్యవసాయ పనికి 9 నెలల సీజనల్ వీసా ఇప్పిస్తానంటున్నాడు. జనవరి 12న క్లిక్ డే అయిందట, అందులో నా పేరు పడిందట, నుల్లా ఓస్తా అనే కాగితం కూడా వచ్చేసిందట. వాట్సాప్‌లో ఫోటో పంపాడు. సగమే కనిపిస్తోంది, పైన ఇటలీ ముద్ర ఉంది, కింద భాగం కట్ చేశాడు. ఊరు లాతీనా అని చెప్పాడు. మొత్తం 9 లక్షలు. 3 లక్షలు ఇప్పుడు, మిగతా 6 వీసా స్టాంపింగ్ అయ్యాక. నాన్న పది గుంటలు అమ్ముదాం అంటున్నాడు, బేరం కూడా వచ్చింది. ఇంకా ఎవరికీ రూపాయి ఇవ్వలేదు.

నా డౌట్లు ఇవి. అసలు ఇలాంటి వీసా నిజంగా ఉందా? 9 నెలల తర్వాత పొడిగిస్తారా? ఏజెంటు మాత్రం “ఒకసారి దిగితే చాలు, తర్వాత అక్కడే పర్మనెంట్ చేసుకుంటారు, అందరూ అట్లే చేస్తున్నారు” అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి. ఈ నెలాఖరులోపు తేల్చమంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.

మంకమ్మతోట:

వీసా నిజమే. ఏజెంటు సంగతి మాత్రం ముందు చూడండి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్సు ఉందో లేదో, గడువు ఉందో అయిపోయిందో కనిపిస్తుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. 9 లక్షలు అడిగాడంటేనే వాడు చట్టం బయట ఉన్నాడు.

ఇంకొకటి. మన గల్ఫ్ వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోయే ముందు ఇక్కడి ప్రభుత్వ అనుమతి, అలవాటు. అది గల్ఫ్, మలేషియా లాంటి 18 దేశాలకే. ఇటలీ ఆ జాబితాలో లేదు. మీది టెన్త్ పాస్, ఎలాగూ ఈసీఎన్ఆర్ (ఆ క్లియరెన్స్ అక్కర్లేని) పాస్‌పోర్టే అయి ఉంటుంది. కాబట్టి సౌదీకి పోయినప్పుడు టెన్త్ లేనివాళ్ల కాంట్రాక్టును ప్రొటెక్టర్ ఆఫీసులో చూసినట్టు ఇటలీ కాగితాన్ని ఇక్కడ ఏ ఆఫీసూ చూడదు. ఏజెంట్లకు ఇటలీ అంటే ఇష్టం పుట్టడానికి ఇదొక కారణం. డౌట్ ఉంటే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 1800 11 3090. విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా అడగొచ్చు.

ఆర్మూర్_టు_లాతీనా:

తమ్మీ, నేను లాతీనా జిల్లాలోనే ఉన్నా. సబౌదియా పక్కన. మాది ఆర్మూర్ వైపు, మన దగ్గర లాగే ఇక్కడా చుట్టూ చేన్లే, కాకపోతే సగం ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు. కువైట్‌లో నాతో పనిచేసిన పంజాబీ దోస్తు ముందు ఇక్కడికి వచ్చాడు, వాడి మాలిక్‌కు మనుషులు కావాలంటే నా పేరు చెప్పాడు. అట్లా సీజనల్ వీసా మీదే వచ్చా. తెలిసింది తెలిసినట్టు చెప్తా, కొంచెం పొడుగు అవుతది, ఓపికగా చదువు.

ముందు ఇది ఎట్లా నడుస్తదో అర్థం చేసుకో. ఏడాదికి బయటి దేశాల నుంచి ఇంతమంది రావచ్చని ఇటలీ ప్రభుత్వం కోటా పెడుతుంది. 2026కు సీజనల్ పనులకే, అంటే వ్యవసాయం, హోటళ్లు కలిపి, 88,000 ఉన్నాయి. క్లిక్ డే రోజు పొద్దున 9 గంటలకు సైట్ తెరుస్తారు, ముందు కొట్టినోళ్లకు ముందు. అయితే ఆ బటన్ కొట్టేది మనం కాదు, మన ఏజెంటూ కాదు. ఇక్కడి రైతు, అంటే మాలిక్, లేకపోతే ఆయన తరఫున ఇక్కడి రైతు సంఘమో అకౌంటెంటో కొడతారు. అది ప్రెఫెత్తూరాలో ఉండే ఇమిగ్రేషన్ కౌంటర్‌కు పోతుంది. మన దగ్గర కలెక్టరేట్ అనుకో. వాళ్లు సరే అంటే వచ్చే కాగితమే నుల్లా ఓస్తా, “మాకు అభ్యంతరం లేదు” అని. దాన్ని పట్టుకుని నువ్వు హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్‌కు, అంటే వీసా అప్లికేషన్లు తీసుకునే సెంటర్‌కు, పోయి డీ టైప్ (ఎక్కువ కాలం ఉండే) వీసాకు అప్లై చేస్తావు. వేలిముద్రలు ఇవ్వాలి. వీసా ఫీజు 116 యూరోలు, పైన వీఎఫ్ఎస్ సర్వీస్ ఛార్జీ. ప్రభుత్వానికి నువ్వు కట్టేది అంతే. నాకు ఆ ఫీజులు, టికెట్, కాగితాల తర్జుమా ఖర్చు తప్ప వేరే ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు మాట. నుల్లా ఓస్తా ఉందంటే ఉద్యోగం ఉన్నట్టు కాదు. వీసా ఉన్నా కాదు. ఇక్కడ దిగాక చట్టం పెట్టిన కొద్ది రోజుల గడువులోపు మాలిక్ నీతో కాంట్రాక్టు సంతకం చెయ్యాలి. ఆ సంతకం మీదనే పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండడానికి అనుమతి, మన గల్ఫ్ ఇకామా లాంటిది, దానికి అప్లై చేస్తావు. మాలిక్ రాకపోతే కాంట్రాక్టు లేదు, కాంట్రాక్టు లేకపోతే పెర్మెస్సో లేదు, నువ్వు ఖల్లివెల్లి, కాగితాల్లేనోడివి. సౌదీలో ఉన్నవాడివి, ఆ మాటకు అర్థం నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ సబౌదియా పక్కన బెల్లా ఫార్నియా అని పంజాబీలు ఎక్కువగా ఉండే చోటుంది. లక్షలు పోసి వచ్చి, మాలిక్ ఫోన్ ఎత్తక, ఆ గదుల్లో నలుగురైదుగురు ఒక్కచోట ఉన్నోళ్లను చూసిన. వాళ్ల దగ్గరా నుల్లా ఓస్తా ఉంది. అసలుదే, దొంగది కాదు. అట్ల పేరుకే తెరిచిన కంపెనీలు కూడా అప్లికేషన్లు పెట్టి ఆ కాగితాలను అమ్ముకుంటున్నాయి. ఇవి మన గల్ఫ్ ఆజాద్ వీసాలే, డబ్బు పోసి కొని దిగాక పని నువ్వే వెతుక్కునేవి, దేశం మారింది అంతే.

ఇక 9 లక్షల లెక్క చూడు. యూరో 105 అనుకో, దాదాపు 8,500 యూరోలు. కాగితం మీద పనిచేసే మంచి మాలిక్ దగ్గర నెలకు చేతికి 1,100 యూరోలు వచ్చాయనుకుందాం. గది కిరాయి, తిండి, ఫోన్, సైకిల్ రిపేరు అన్నీ కలిపి ఎంత పిసినారిగా ఉన్నా 350 పోతది. మిగిలేది 750. 9 నెలలకు 6,750. అంటే సీజన్ మొత్తం సెలవు లేకుండా, జబ్బు పడకుండా, వాన పడకుండా పనిచేసినా ఏజెంటు డబ్బులే తిరిగి రావు. మరి 9 లక్షలు పెట్టినోడు 9 నెలలకు ఇంటికి ఎట్ల వస్తాడు? రాడు. ఏజెంటుకు ఆ సంగతి నీకంటే బాగా తెలుసు. వాడు నీకు అమ్ముతున్నది సీజనల్ వీసా కాదు, ఇక్కడ దొంగతనంగా ఉండిపోవడానికి దారి. “ఒకసారి దిగితే చాలు” అన్నాడు కదా, అక్కడే దొరికిపోయాడు.

పర్మనెంట్ అన్న మాట గురించి. పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జనం పడిపోతారు. సీజనల్ పెర్మెస్సోను మామూలు ఉద్యోగ పెర్మెస్సోగా మార్చుకునే దారి ఉంది. కనీసం 3 నెలలు సక్రమంగా పనిచేసి ఉండాలి, వ్యవసాయంలో అయితే నెలకు సగటున 13 రోజుల చొప్పున 39 రోజులు కాగితం మీద కనిపించాలి. పైగా ఎవరో ఒకరు సీజనల్ కాని ఉద్యోగం ఇస్తామని ముందుకు రావాలి. 2024 చివర్లో చట్టం మార్చి దీన్ని కోటా బయట పెట్టారు కాబట్టి ముందుకంటే తేలికైంది. కానీ “కాగితం మీద 39 రోజులు” అన్నదే చాలామంది దగ్గర ఉండదు. ఎందుకంటే ఇక్కడ పెద్ద మోసమే అది. నెలలో 26 రోజులు పనిచేయించుకుని బుస్తా పాగాలో, అంటే జీతం చీటీలో, 8 రోజులే రాస్తారు. మిగతాది గంటకు నాలుగైదు యూరోలు లెక్కగట్టి చేతిలో పెడతారు. ప్రతి నెలా చీటీ అడిగి తీసుకో, నువ్వు పోయిన రోజులు నీ ఫోన్‌లో నువ్వు రాసుకో.

పని ఎట్ల ఉంటదంటే, మజ్రాలో చేసినోడివి కాబట్టి ఎండకు భయపడవు. కానీ ఇక్కడ ఎండ కంటే వంగడం ఎక్కువ. ముల్లంగి కోతలో పొద్దంతా మోకాళ్ల మీదే జరుగుతూ పోవాలి. పీకాలి, పది పన్నెండు ఒక కట్టగా పట్టాలి, ఆకుల మొదట్లో రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పాలి, పెట్టెలో ఆకులు ఒకే వైపు వచ్చేలా పేర్చాలి. మొదటి వారం బొటనవేలి గోరు పక్కన చర్మం చీలుతుంది, దాంట్లోకి మట్టి పోతది. గ్లౌజులు వేసుకుంటే బ్యాండు జారుతుంది, అందుకని ఆ రెండు వేళ్ల దగ్గర గ్లౌజు కత్తిరించుకుంటాం. అక్టోబర్, నవంబర్‌లో కివీ. ఇటలీలో కివీకి లాతీనా పెట్టింది పేరు. తీగ తలపైన పందిరి మీద ఉంటది, మన దొండ పందిరి లెక్క. చేతులు పైకెత్తే ఉంచాలి, నూగు మెడలోకి రాలి దురద. సొరకాయ జాతిది జుక్కీనీ అని ఒకటి ఉంది, పువ్వు ఉండగానే కొయ్యాలి కాబట్టి తెల్లారకముందే గ్రీన్‌హౌస్‌లో ఉండాలి. ఎండాకాలం బాగా ఎండ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 4 దాకా బయట చేనులో పని చేయించొద్దని ఇక్కడి ప్రాంతీయ ప్రభుత్వం కొన్నేళ్లుగా ఆర్డరు ఇస్తోంది. మంచి మాలిక్‌లు పాటిస్తారు.

చెడ్డ మాలిక్ అంటే ఏంటో కూడా చెప్తా. 2024 జూన్‌లో ఈ లాతీనాలోనే సత్నామ్ సింగ్ అనే 31 ఏళ్ల పంజాబీ పిల్లగాడి చెయ్యి మెషీన్‌లో పడి తెగిపోయింది. మాలిక్ ఆసుపత్రికి ఫోన్ చేయలేదు. వ్యాన్‌లో తెచ్చి ఇంటి ముందు దింపి పోయాడు, తెగిన చెయ్యి పండ్ల పెట్టెలో పెట్టి. రెండు రోజులకు రోమ్‌లో చనిపోయాడు. ఆ పిల్లగాడికి కాంట్రాక్టు లేదు. కాగితం లేనోడిని అంబులెన్సులో పంపితే తన బండారం బయటపడుతుందని ఆలోచించే మనుషులు ఉంటారు, అందుకే కాంట్రాక్టు, కాంట్రాక్టు అని అన్నిసార్లు అంటున్నా.

పసుపుచేను_మెట్‌పల్లి:

అన్నా, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. లెక్క నాన్నకు చదివి వినిపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “మరి ఆ కాగితం నిజమైతే వదులుకుంటామా” అన్నాడు. నాక్కూడా అదే ఉంది. నిజమా కాదా అన్నది ఇక్కడి నుంచే తెలుసుకునే దారి ఉందా? ఉండడానికి గది ఎవరిస్తారు? ఏజెంటు గదికి వేరే కట్టాలంటున్నాడు.

ఆర్మూర్_టు_లాతీనా:

ఉంది. నుల్లా ఓస్తా పూర్తి కాపీ అడుగు, ఫోటో కాదు, పీడీఎఫ్. అందులో నీ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన ప్రెఫెత్తూరా పేరు, మాలిక్ పేరు, కంపెనీ పన్ను నంబరు ఉంటాయి. ఆ నంబరును ఇక్కడ పార్తీతా ఈవా అంటారు, 11 అంకెలు. ఇటలీ పన్నుల శాఖ సైట్‌లో ఆ అంకెలు కొడితే కంపెనీ నడుస్తోందా మూసేశారా అన్నది ఉచితంగా తెలుస్తుంది. తేదీ కూడా చూడు, నుల్లా ఓస్తా ఇచ్చిన రోజు నుంచి 6 నెలలే చెల్లుతుంది. పోయిన ఏడాదిది చూపించి కూడా అమ్ముతున్నారు.

అన్నిటికంటే ముఖ్యం మాలిక్‌తో మాట్లాడటం. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంతమంది పనోళ్లు. నిజమైన రైతు అయితే పంట గురించి అడిగితే ఆపకుండా మాట్లాడతాడు, ఏ దేశపు రైతైనా అంతే. భాష రాకపోతే అతని దగ్గర పనిచేసే పంజాబీని లైన్‌లోకి తెమ్మను, నీకు గల్ఫ్ హిందీ ఉంది కదా, చాలు. ఇప్పుడు వీసా ఇచ్చే ముందు కూడా మాలిక్ “నాకు ఈ మనిషి ఇంకా కావాలి” అని గడువులోపు ఆన్‌లైన్‌లో కన్ఫర్మ్ చెయ్యాలి, చెయ్యకపోతే నుల్లా ఓస్తా రద్దవుతుంది. కాబట్టి మాలిక్ నెంబరు ఇవ్వను అనే ఏజెంటు దగ్గర ఇంకేం మాట్లాడేది లేదు.

గది సంగతి. సీజనల్ పనోడికి ఉండే చోటు ఉందని మాలిక్ అప్లికేషన్‌లోనే చూపించాలి. ఆయన ఇచ్చిన ఇంటికి కిరాయి నీ జీతంలో మూడో వంతు దాటకూడదు, జీతంలోంచి తనంతట తాను పట్టుకోకూడదు. చట్టంలోనే ఉంది. ఏజెంటుకు గది డబ్బులు ఏంటికి?

హెర్‌ఫర్డ్_శ్రీదేవి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఇంగ్లండ్‌లో ఒక స్ట్రాబెర్రీ ఫారంలో సూపర్‌వైజర్‌ని, మాది తణుకు. ఏజెంటు ఇటలీ వద్దంటే రేపు యూకే అంటాడు, అందుకని ముందే చెబుతున్నా. ఇక్కడి సీజనల్ వర్కర్ వీసా పండ్లు, కూరగాయల పనికి అయితే 6 నెలలే. పొడిగింపు లేదు, మరో వీసాకు మారడం లేదు, కుటుంబాన్ని తీసుకురాకూడదు. ఫారం నేరుగా స్పాన్సర్ చేయదు, ప్రభుత్వం ఒప్పుకున్న కొద్దిమంది ఆపరేటర్లు మాత్రమే చేస్తారు, వాళ్ల పేర్లు బ్రిటిష్ ప్రభుత్వ సైట్‌లో ఉంటాయి. ఉద్యోగం ఇప్పించినందుకు వర్కర్ దగ్గర డబ్బు తీసుకోవడం ఇక్కడ నేరం. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 319 పౌండ్లు చేశారు. వారానికి కనీసం 32 గంటల జీతం గ్యారంటీ. కోసిన బరువు లెక్కన ఇచ్చినా గంటకు కనీస వేతనం కంటే తగ్గకూడదు. మా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ వాళ్లు. ఇండియా నుంచి చాలా తక్కువ. “యూకే ఫారం వీసా, రెండేళ్లు” అని ఎవరైనా అంటే అది ఈ వీసా కాదు.

పసుపుచేను_మెట్‌పల్లి:

అక్కా, థ్యాంక్స్. అన్నా, పీడీఎఫ్ అడిగాను. మొదట కోపం చేశాడు, “నమ్మకం లేకపోతే వేరేవాళ్లు లైన్‌లో ఉన్నారు” అన్నాడు. సరే వాళ్లకే ఇవ్వండి అన్నాను. సాయంత్రానికి పంపాడు. నా పేరు, పాస్‌పోర్టు నంబరు కరెక్టుగానే ఉన్నాయి. కానీ ప్రెఫెత్తూరా దగ్గర లాతీనా అని లేదు, కసెర్తా అని ఉంది. అడిగితే “రెండూ పక్కపక్కనే, దిగాక లాతీనాకు మారుస్తాం” అంటున్నాడు. మాలిక్ నెంబరు మాత్రం ఇవ్వలేదు.

ఆర్మూర్_టు_లాతీనా:

కసెర్తా వేరే రాష్ట్రం తమ్మీ, కంపానియా. నేపుల్స్ వైపు. దిగాక మార్చడమేం ఉండదు, కాంట్రాక్టు ఏ మాలిక్ అడిగాడో ఆయనతోనే, ఏ ప్రెఫెత్తూరా ఇచ్చిందో అక్కడే.

ఇంకో సంగతి విను. 2024 జూన్‌లో ఇటలీ ప్రధాని మెలోనీ స్వయంగా ఈ వీసాల దందా మీద మాట్లాడింది, మాఫియా కేసులు చూసే ప్రాసిక్యూటర్‌కు కంప్లయింట్ కూడా ఇచ్చింది. 2023లో మొత్తం 2,82,000 అప్లికేషన్లు వస్తే 1,57,000 ఒక్క కంపానియా నుంచే వచ్చాయట. అంతకంటే ఎక్కువ వ్యవసాయం ఉన్న పులియా అనే ఇంకో రాష్ట్రం నుంచి 20,000 మాత్రమే. కంపానియాలో వీసా మీద వచ్చినోళ్లలో కాంట్రాక్టు దాకా పోయింది నూటికి ముగ్గురు కూడా లేరని ఆమే చెప్పింది. అక్కడ మంచి రైతులు లేరని కాదు. కానీ ఊరు ఒకటి చెప్పి కాగితం ఇంకోటి చూపించి, మాలిక్ నెంబరు దాస్తున్నాడంటే నాకు డౌట్ కాదు, నమ్మకమే.

మంకమ్మతోట:

ఆ వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్ రికార్డింగులు తీసెయ్యకండి. 9 లక్షలు అడిగినట్టు రాతలో ఉంటే ఇంకా మంచిది. ఈమైగ్రేట్‌లో లైసెన్సు ఉందా చూశారా?

పసుపుచేను_మెట్‌పల్లి:

చూశాను సార్, ఆ పేరు మీద ఏమీ రాలేదు. మెసేజ్‌లు అన్నీ ఉన్నాయి. అన్నా, పార్తీతా ఈవా నంబరు ఇక్కడ పెట్టమంటావా?

ఆర్మూర్_టు_లాతీనా:

ఇక్కడ పెట్టకు, అందులో నీ పాస్‌పోర్టు వివరాలు కూడా ఉన్నాయి. నాకు విడిగా మెసేజ్ చెయ్యి. ఆదివారం పని ఉండదు, మా దోస్తుకు ఇటాలియన్ బాగా వచ్చు. నంబరు కొట్టి చూసి, ఆ కంపెనీ అడ్రసు దొరికితే ఫోన్ చేయిస్తా. పొలం బేరం మాత్రం అప్పటిదాకా ఆపమని మీ నాన్నకు చెప్పు.

పసుపుచేను_మెట్‌పల్లి:

పంపించాను అన్నా. బేరగాడికి నాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు.